పాత యంత్రమునకు క్రొత్త ముంగిలి

నెల్లూరు సీమలో సముద్రతీరమునకు సమీపముగా బకింగ్‌హాం కాలువ సాగిపోవుచుండును. ఆ ప్రాంతమున రొయ్యల గుంటలును, జాలరుల గ్రామములును కలవు. ఈ గ్రామములలో లాప్‌టాపు నేడు వింతవస్తువు కాదు. మేత లెక్కలు వ్రాసికొనుటకును, పిల్లల చదువునకును, సముద్రపు పోకడ తెలిసికొనుటకును అది పనికివచ్చుచున్నది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అను మహాసముద్ర సమాచార కేంద్రము చేపలు దొరకు తావులను గూర్చియు, అలల యెత్తును గూర్చియు తెలుగులో కూడ తెలియజేయుచున్నది. వార్త తెలుగున వచ్చుచుండగా, దానిని చూపు యంత్రము మాత్రము పరభాషలో పలుకరించుట యెందులకు?

ఇంకొక చిక్కు కూడ కలదు. 2025 అక్టోబరు 14వ తేదీతో మైక్రోసాఫ్టు సంస్థ విండోస్ 10కు సాధారణ పోషణమును నిలిపివేసినది. దాని తరువాతిదైన విండోస్ 11ను అనేకములైన పాత లాప్‌టాపులు భరింపజాలవు. తెర చెడలేదు, మీటలు అరుగలేదు. అయినను యంత్రము మూలకు చేరును. వేలకు వేలు పోసి కొన్న వస్తువును ఇట్లు పారవేయుట ఏ గృహస్థునకు ఇష్టముగా నుండును?

దీనికి మార్గము చాలకాలము క్రిందటనే ఏర్పడినది. 1983లో అమెరికా దేశస్థుడగు రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అను ఉద్యమమును ప్రకటించెను. కంప్యూటరును నడపు ఆదేశముల మూలపాఠమును ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, పరులకు పంచవచ్చును అనునది ఆయన సిద్ధాంతము. 1991లో ఫిన్లండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్సు అను కెర్నెలును వెలువరించెను. ఈ రెండును కలిసి సంపూర్ణమైన వ్యవస్థ యైనది.

ఇంటికి పునాదియు దూలములును ఎట్టివో, యంత్రమునకు కెర్నెలు అట్టిది. అది కంటికి కనబడదు. మనకు కనబడు డెస్క్‌టాపు ఇంటి ముంగిలి వంటిది. దూలములను కదపకయే ముంగిట ముగ్గు మార్చినట్లు, లినక్సులో డెస్క్‌టాపును మార్చుకొనవచ్చును. గ్నోమ్, కేడీఈ, ఎక్స్‌ఎఫ్‌సీఈ అనునవి అట్టి ముంగిళ్లు. వీనిలో ఎక్స్‌ఎఫ్‌సీఈ ఆడంబరము తక్కువది. పాత యంత్రమునకు అదియే మేలు. లినక్సు మింట్ అను కూర్పు దానితో కూడ లభించును. దానికి కనీసము 2 జీబీ జ్ఞాపకశక్తియు, 20 జీబీ నిల్వస్థలమును కావలెను. జ్ఞాపకశక్తి 4 జీబీ యున్నచో సుఖముగా నడచును.

ఇక స్థాపించు విధానము. మొదట ఇంటి లెక్కలను, ఛాయాచిత్రములను వేరొక డిస్కులోనికి ఎత్తి, అవి అక్కడ తెరచుకొనుచున్నవో లేదో చూడవలెను. ఈ పనిని రేపటికి వాయిదా వేయరాదు. ఏలయన, స్థాపనలో “డిస్కును తుడిచివేయుము” అను ప్రశ్నకు ఔనన్నచో నాయన వ్రాసిన మూడేండ్ల మేత లెక్క మరల రాదు. పిమ్మట మింట్ ప్రతిని అంతర్జాలము నుండి దింపుకొని, దానితో నిచ్చు 64 గుర్తుల తనిఖీ సంఖ్య సరిపోయినదో లేదో చూచి, ఖాళీ పెన్‌డ్రైవు పైకి ఎక్కింపవలెను. యంత్రమును పెన్‌డ్రైవు నుండి ఆరంభించినచో, లోపలి డిస్కును ముట్టకయే క్రొత్త ముంగిలి తెరపై నిలుచును. అప్పుడు వైఫై అందుచున్నదా, ధ్వని వినబడుచున్నదా, మీటలన్నియు పలుకుచున్నవా యని పరీక్షింపవలెను. ఉప్పుగాలి తగులు ఊళ్లలో మీటలు మొరాయించుట అపురూపము కాదు. అన్నియు సరియైన పిదపనే స్థాపనకు పూనుకొనవలెను. తుపాను దినములలో కరెంటు పోవుచుండును గనుక, అట్టి దినమున ఈ పని పెట్టుకొనకుండుట మంచిది.

స్థాపన ముగిసిన పిమ్మట భాషల అమరికలో తెలుగును చేర్చి, మీటల అమరికలో ఇన్‌స్క్రిప్ట్‌ను ఎన్నుకొనవలెను. ఇందు అచ్చులు ఎడమచేతికిని, హల్లులు కుడిచేతికిని అందును. “క్ర” కావలెనన్నచో “క”, పొల్లు, “ర” అను మూడు మీటలను వరుసగా నొక్కవలెను. యంత్రము ఆ మూటిని విడివిడిగానే దాచుకొనును. తెరపై వానిని కలిపి వ్రాయు పని ఫాంటుది. కావుననే సురవరము, మండలి, రామభద్ర మొదలగు ఫాంట్లలో దేనిని పెట్టినను అక్షరము మారదు, దాని రూపు మాత్రము మారును. తాతగారి చూపు మందగించినచో అక్షరముల పరిమాణము పెంపవచ్చును. క్రింది పట్టీని పైకి జరుపవచ్చును. మైపాడు తీరపు చిత్రమును వెనుక నిలుపవచ్చును. ఇవి పది నిమిషముల పనులు.

జాబితాలలోని తెలుగుమాటలు ఆకాశము నుండి ఊడిపడినవి కావు. 2005లో తెలుగు కంప్యూటరు వ్యవస్థను వెలువరించిన స్వేచ్ఛ సంస్థవారి వలెనే, ఊరు పేరు తెలియని పలువురు ఔత్సాహికులు వానిని కూర్చిరి. ఫైలును దస్త్రమనిరి. కరణముల కాలము నుండి పల్లెలు ఎరిగిన మాట యది, చక్కగా అతికినది. ఫోల్డరును సంచయమనిరి. ఇది కొంచెము బరువైన మాట. కొన్ని చోట్ల ఇప్పటికిని ఆంగ్లమే నిలిచియున్నది. మూలపాఠము అందరిది గనుక ఇంతకంటె తేలికైన మాట తోచిన విద్యార్థి దానిని అనువాదకులకు పంపవచ్చును. వారికి నచ్చినచో తరువాతి కూర్పులో అది అందరి తెరలపైకిని చేరును. సంచయమునకు బదులు “సంచి” యన్నచో ఎట్లుండునో మీరే చెప్పుడు.