అణుశక్తి రాకెట్టు

అణుశక్తి యనగానే హిరోషిమా, నాగసాకి నగరముల వినాశము మన కన్నుల యెదుట నిలుచును. ఆ శక్తినే సాధనముగా చేసికొని మానవుని అంగారక గ్రహమునకు పంపవలెనని శాస్త్రజ్ఞులు చిరకాలము కృషి సలిపిరి. వారు నిర్మించిన ఇంజను నేలపై చక్కగా పనిచేసినను, ఒక్కమారైనను అంతరిక్షమునకు ఎగురలేదు. కారణమేమో ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

వాయువు ఎంత వేగముగా వెనుకకు వెలువడిన, రాకెట్టుకు అదే ఇంధనముతో అంత అధిక వేగము లభించును. ఇది న్యూటన్ మూడవ గమన నియమమునుండి తేలు విషయము. రసాయనిక రాకెట్టులో హైడ్రోజన్, ఆక్సిజన్ మండి ముఖ్యముగా నీటి ఆవిరి వెలువడును. అణు రాకెట్టులో దహనము లేదు. యురేనియం కేంద్రకముల విచ్ఛిత్తివలన రియాక్టరు వేడెక్కును. దాని గుండా ద్రవ హైడ్రోజన్‌ను పంపగా, అది వాయువై దూసుకొని పోవును.

ఇచ్చట ఒక విశేషము కలదు. రియాక్టరు కరిగిపోరాదు గనుక, అందలి వాయువు రసాయనిక జ్వాలంత వేడిగా నుండదు. మరి ఆధిక్యము ఎట్లు కలిగినది? నీటి అణుభారము 18, హైడ్రోజన్ అణుభారము 2. తేలికైన అణువులు అధిక వేగముతో చలించును. అందుచేత ఇంధన సామర్థ్యము సుమారు రెండు రెట్లగును.

అమెరికాలో రోవర్ పథకము 1955లో ఆరంభమైనది. 1959లో పరీక్షించిన తొలి రియాక్టరుకు ఎగురలేని పక్షి ‘కివీ’ పేరు పెట్టిరి. 1968లో ఫీబస్-2ఏ 4,000 మెగావాట్లకు మించిన శక్తి నిచ్చెను. 1969లో నెర్వా ఇంజను 28 మార్లు నడిచెను. అయినను అంగారక యాత్ర వాయిదా పడుటచే, ధనము కొరవడి, 1973లో పథకము నిలిచిపోయినది. 2023లో మరల ఒక ప్రయత్నము ప్రకటించి, 2025లో విరమించిరి.

ధన మొక్కటియే సమస్య కాదు. 1978లో రియాక్టరు గల సోవియట్ ఉపగ్రహము కాస్మాస్-954 కెనడాపై కూలి, రేడియోధార్మిక శకలములను వెదజల్లినది. కావున నేలనుండి రసాయనిక రాకెట్టుతో ఎగసి, సురక్షితమైన కక్ష్య చేరిన పిమ్మటనే రియాక్టరును నడుపుట మేలు. నడువని రియాక్టరులోని యురేనియం రేడియోధార్మికత స్వల్పము.

యంత్రము పనిచేయునా అను ప్రశ్నకు ప్రయోగశాల బదులు చెప్పగలదు. దాని అపాయము ఎవరి తలపై పడును అను ప్రశ్నకు సమాజమే బదులు చెప్పవలెను. విజ్ఞానశాస్త్ర విద్యార్థులు ఈ రెండు ప్రశ్నలను అడుగ నేర్వవలెనని మా మనవి.