పలు కోర్లు, ఒకే మెమరీ: శ్రమించి నేర్వదగిన విద్య

ఇంజనీరింగ్ మూడవ సంవత్సరమునకు వచ్చిన విద్యార్థి గాని, పట్టా చేతికి వచ్చిన పిమ్మట అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల చుట్టు తిరుగుచున్న ఉద్యోగార్థి గాని మొట్టమొదట అడుగు ప్రశ్న "ఏ లాంగ్వేజ్ నేర్చుకుంటే ఉద్యోగం వస్తుంది?" అనునదే. ఇంటివద్ద తల్లిదండ్రులు ఎదురుచూచుచుండగా, చదువుకై చేసిన అప్పునకు వడ్డీ పెరుగుచుండగా, ఎవరికైనను ఆ ఆతురత కలుగుట సహజము. కాని ఆ ప్రశ్నకు సమాధానముగా వినవచ్చు పేర్లు కొన్ని యేండ్ల కొకమారు మారిపోవుచుండుటను గమనించినవారికి, ఆ పేర్లన్నింటికి అడుగున మారక నిలిచియున్న విద్య యేదైన కలదా యని విచారించుట అంతకంటె లాభదాయకమని తోచును. అట్టి విద్యలలో నొకటి, ఏకకాలమున నడచు పెక్కు పనులు ఒకే మెమరీని పంచుకొనునప్పుడు అందలి సమాచారము చెడకుండ కాపాడు విద్య. దీనిని పరీక్షకొరకు చదివినవారు వేలకు వేలు కలరు. చేతితో చేసి యెరిగినవారు మిక్కిలి కొలదిమంది. ఆ కొలదిమందిలో నొకరగుటకు మార్గమేమో చెప్పుటయే నా యుద్దేశము.

ఈ విద్యకు ఇంతటి ప్రాధాన్యము కలిగిన కారణమును ముందు తెలిసికొనవలెను. ఈ శతాబ్దపు తొలి యేండ్ల వరకు ప్రాసెసర్ల వేగము ఏటేట పెరుగుచుండెడిది. ప్రోగ్రాము వ్రాసినవాడు ఒక అక్షరమైనను మార్చకయే, కొత్త యంత్రము కొనినంతమాత్రమున అతని ప్రోగ్రాము మునుపటికంటె త్వరగా నడచెడిది. కాని అటుపిమ్మట ట్రాన్సిస్టర్లు సూక్ష్మతరములగుచున్నను వాని వోల్టేజి ఆ నిష్పత్తిలో తగ్గింప వీలుకాకపోవుటచే చిప్పులో పుట్టు వేడి దుర్భరమయ్యెను. 2004 అక్టోబరులో ఇంటెల్ సంస్థ 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4 ను విడుదల చేయు సంకల్పమును విరమించుకొనెను. అంతకు పూర్వమే, 2001లో, ఐబీఎం పవర్4 అను చిప్పుమీద రెండు కోర్లను ప్రక్కప్రక్కన నిలిపియుండెను. నాటినుండి యంత్రశక్తి ప్రధానముగా కోర్ల సంఖ్యారూపమున పెరుగుచున్నది. నేడు సామాన్యుని చేతి ఫోనులో సైతము ఎనిమిది కోర్లు ఉండుట సర్వసాధారణము, ఆ యెనిమిదింటికిని మెమరీ మాత్రము ఒక్కటే. పనిని విభజించి ఆ కోర్లకు పంచిపెట్టు భారము యంత్రము మీదనుండి ప్రోగ్రామరు మీదికి వచ్చినది.

ఆ భారమెట్టిదో తెలియుటకు ఒక చిన్న ప్రయోగము చాలును. సీ భాషలో ఒక పూర్ణసంఖ్యను సున్నతో మొదలిడి, రెండు థ్రెడ్లను (ఏకకాలమున నడచు పనులను) సృష్టించి, ఒక్కొక్క థ్రెడ్ ఆ సంఖ్యకు పదిలక్షల మారులు ఒకటి చేర్చునట్లు వ్రాయుడు. తుదకు ఇరువది లక్షలు రావలెను. ఆప్టిమైజేషన్ లేకుండ కంపైల్ చేసి నడిపినచో, బహుకోర్ల యంత్రముమీద, ఒక మారు పండ్రెండు లక్షల చిల్లర, మరియొక మారు పదునేడు లక్షల చిల్లర, ఇట్లు నడిపిన ప్రతిమారును వేరువేరు సంఖ్యలు వచ్చుట చూతురు. ఒకటి చేర్చుట అనునది మన కంటికి ఒక్క పని; యంత్రమునకు అది మెమరీనుండి తెచ్చుట, కూడుట, తిరిగి మెమరీలో ఉంచుట అను మూడు పనులు. ఒకే ఖాతాపుస్తకములోని నిల్వను ఇద్దరు గుమాస్తాలు ఒకేసారి చూచి, ఎవరికివారు తమ జమను మనసులో కూడుకొని, ఒకరి తరువాత ఒకరు క్రొత్త నిల్వను వ్రాసినప్పుడు మొదటివాని జమ యెట్లు గల్లంతగునో, అట్లే ఇచ్చటను ఒక థ్రెడ్ చేసిన పని మరియొక దానిచే తుడిచివేయబడును. దీనినే రేస్ కండిషన్ అందురు. ఆప్టిమైజేషన్‌తో కంపైల్ చేసినచో కంపైలరు ఆ పదిలక్షల ఆవృత్తులను ఒకే కూడికగా మార్చివేయవచ్చును. అప్పుడు సరియైన జవాబే వచ్చి, దోషము లోపల అట్లే దాగియుండును. పరీక్షలో పట్టువడక, వాడుకలోనికి పోయిన పిమ్మట బయటపడు దోషములకు ఈ స్వభావమే మూలము.

దీనికి మందుగా 1965లో డచ్చి శాస్త్రవేత్త డైక్‌స్ట్రా ఒకరు పంచుకొన్న సమాచారమును మార్చుచుండగా వేరొకరు దానిని తాకకుండ చూచు పరస్పర నిరోధ సమస్యకు పరిష్కారమును ప్రకటించెను. సెమఫోర్ అను సాధనము ఆయన రూపొందించినదే. నేడు మనము వాడు మ్యూటెక్స్ లాక్ ఆ వంశమునకు చెందినదే. లాక్ తీసికొనినవాడు తన పని ముగించి విడుచువరకు తక్కినవారు వేచియుండవలెను. రెండు లాకులు ఉన్నచోట ఒక థ్రెడ్ మొదటిదానిని పట్టుకొని రెండవదానికై, వేరొక థ్రెడ్ రెండవదానిని పట్టుకొని మొదటిదానికై నిరీక్షించినచో ఇద్దరును ఎన్నటికిని కదలరు, ఇదియే డెడ్‌లాక్. లాకులన్నిటికి ఒక క్రమము నేర్పరచి ప్రతివారును ఆ క్రమముననే తీసికొనవలెనను నియమముతో దీనిని నివారింతురు. పాఠ్యపుస్తకములు ఈ భాగమును విపులముగానే బోధించును గనుక ఇంతటితో చాలింతును.

పాఠ్యపుస్తకములు తేలికగా దాటిపోవు విషయము క్యాష్. ప్రతి కోరుకును తనదైన చిన్న వేగవంతమైన క్యాష్ ఉండును. మెమరీనుండి సమాచారము దానిలోనికి ఒక్కొక్క బైటుగా రాక, సామాన్యముగా 64 బైట్ల వరుసలుగా వచ్చును. ఇప్పుడు పై ప్రయోగమునే కొంచెము మార్చి, రెండు థ్రెడ్లకును వేరువేరు సంఖ్యలు ఇచ్చి, ఆ రెండు సంఖ్యలను మెమరీలో ప్రక్కప్రక్కన ఉంచుడు. ఎవరి సంఖ్య వారిది గనుక జవాబు తప్పదు, లాకుతో అవసరమే లేదు. అయినను ప్రోగ్రాము కుంటుచు నడచును! ఆ రెండు సంఖ్యలును ఒకే 64 బైట్ల వరుసలో ఉండుటచే, ఒక కోరు తన సంఖ్యను మార్చిన ప్రతిసారియు రెండవ కోరు క్యాష్‌లోని ప్రతి చెల్లనిదగును; ఆ వరుస రెండు కోర్ల నడుమ అటునిటు తిరుగుచునేయుండును. రెండు సంఖ్యల మధ్య 64 బైట్ల యెడము కల్పించి మరల నడుపుడు. అదే ప్రోగ్రాము పలురెట్ల వేగముతో పరుగెత్తుట కన్నులార చూడవచ్చును. దీనిని ఫాల్స్ షేరింగ్ అందురు. లైనక్స్‌లో పెర్ఫ్ సీ2సీ అను సాధనము దీనిని పట్టి చూపును. ఒక్క సాయంకాలములో చేయదగిన ఈ ప్రయోగమును స్వయముగా చేసి, కాలమును కొలిచి, గ్రాఫు గీసిన విద్యార్థి, నాలుగు సర్టిఫికెట్లు సంపాదించినవానికంటె ఈ రంగమున ముందుండునని నా దృఢాభిప్రాయము.

ఈ విద్య యెంతదూరము పనికివచ్చునో తెలుపు వృత్తాంతము నొకదానిని ఇచ్చట స్మరింపదగును. 1997 జూలై 4న అంగారక గ్రహముపై దిగిన నాసావారి పాత్‌ఫైండర్ నౌక, కొలది దినములకే తనంతతాను మాటిమాటికి రీసెట్ అగుట కారంభించెను. ఆ నౌకలోని కంప్యూటరులో ఉమ్మడిగా వాడు ఒక సాధనమును మ్యూటెక్స్ రక్షించుచుండెను. వాతావరణ సమాచారమును సేకరించు అల్పప్రాధాన్యము గల పని ఆ మ్యూటెక్సును పట్టుకొనియుండగా, మధ్యమ ప్రాధాన్యము గల పనులు దానిని ప్రక్కకు నెట్టి ప్రాసెసరును ఆక్రమించెడివి. అప్పుడు ఆ మ్యూటెక్సుకై వేచియున్న అత్యధిక ప్రాధాన్యము గల పని నిర్ణీతకాలములో ముగియక, వ్యవస్థ ప్రమాదమని భావించి రీసెట్ చేసెడిది. ఇంజనీర్లు భూమిమీద నున్న ప్రతిరూపముపై అదే స్థితిని పునఃసృష్టించి కారణమును కనిపెట్టిరి. మ్యూటెక్సును పట్టుకొనిన పనికి, దానికై వేచియున్న పని యొక్క అధిక ప్రాధాన్యమును తాత్కాలికముగా ఇచ్చు ప్రయారిటీ ఇన్‌హెరిటెన్స్ అను ఏర్పాటు అప్పటికే యుండి కూడ వాడబడలేదు. దానిని వాడుకలోనికి తెచ్చు మార్పును ఇచ్చటినుండి పంపగా నౌక కుదుటపడెను. ఆ పద్ధతిని లూయీ షా, రాజ్‌కుమార్, లెహొచ్‌కీ అను మువ్వురు 1990లోనే పరిశోధనాపత్రముగా ప్రచురించియుండిరి. కోట్ల మైళ్ల దూరమున నున్న యంత్రమును బాగుచేయగలిగినది, ఏడేండ్ల క్రితము కాగితముపై స్పష్టముగా చేయబడిన ఆ యాలోచనయే గదా!

సిద్ధాంతమునందు అభిరుచి గలవారికి ఇందు ఇంకను లోతైన మార్గము కలదు. వేగముకొరకు కంపైలరును ప్రాసెసరును కూడ మన ఆజ్ఞల క్రమమును తారుమారు చేయుచుండును. అట్టియెడ ఒక థ్రెడ్ వ్రాసినది వేరొక థ్రెడ్‌నకు ఎప్పుడు కనబడవలెనని నిర్ణయించు ఒడంబడికయే మెమరీ మోడల్. 1979లో లెస్లీ లాంపోర్ట్ సీక్వెన్షియల్ కన్సిస్టెన్సీ అను ఆదర్శమును నిర్వచించెను. బొంబాయి ఐఐటీలో చదివి అమెరికా వెళ్లిన సరితా అద్వె 1990లో మార్క్ హిల్‌తో కలిసి, రేసులు లేకుండ వ్రాసిన ప్రోగ్రామునకు ఆ ఆదర్శమును యంత్రము హామీగా ఇయ్యవలెనను సూత్రమును ప్రతిపాదించెను. జావా, సీ ప్లస్ ప్లస్ భాషల మెమరీ మోడళ్లకు ఆ సూత్రమే పునాది. మన దేశపు కళాశాలలో బీటెక్ చదివిన విద్యార్థిని యొక్క యాలోచన నేడు ప్రపంచమందలి కోట్ల యంత్రములలో నడచుచున్నదని తెలిసినప్పుడు ఏ విద్యార్థి హృదయము ఉప్పొంగదు?

ఉద్యోగముల సంగతికి వత్తము. ఆపరేటింగ్ సిస్టములు, డేటాబేసులు, కంపైలర్లు, కార్లలోని ఎంబెడెడ్ వ్యవస్థలు, జీపీయూ ప్రోగ్రామింగ్, వీనియన్నింటికిని ఈ విద్యయే వెన్నెముక. చిప్పులు రూపొందించు ఏఎండీ, క్వాల్‌కామ్, ఇంటెల్ వంటి సంస్థలకు హైదరాబాదులోనే కేంద్రములు కలవు. శాస్త్రీయ గణనమందు ఆసక్తి గలవారు సూపర్‌కంప్యూటర్లు నిర్మించు సీడాక్ సంస్థను, సముద్ర పరిస్థితులను ముందుగా తెలుపు హైదరాబాదు ఇన్‌కాయిస్‌ను దృష్టియందుంచుకొనవలెను. 2015లో ఆమోదము పొందిన జాతీయ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ క్రింద హైదరాబాదు ఐఐటీలో పరమ్ సేవ అను సూపర్‌కంప్యూటరు నెలకొల్పబడినది. 1991లో సీడాక్ నిర్మించిన పరమ్ 8000 లో ఒక్కొక్క ప్రాసెసరుకు వేరువేరు మెమరీ యుండి, అవి సందేశముల ద్వారా మాటలాడుకొనెడివి. నేటి సూపర్‌కంప్యూటర్లలో ఒక్కొక్క నోడ్ (అందలి ఒక్కొక్క కంప్యూటరు) లోపల ఉమ్మడి మెమరీ, నోడ్ల నడుమ సందేశములు. కావున నోడ్ లోపలికి ఓపెన్‌ఎంపీ, నోడ్ల నడుమకు ఎంపీఐ, రెండును నేర్వక తప్పదు. ఈ రంగమున ఫోర్ట్రాన్ ఇంకను సజీవముగనే యున్నదను మాట విని నవ్వువారు కలరు. వాతావరణ నమూనాల మూలగ్రంథమును తెరచి చూచినచో ఆ నవ్వు ఆగిపోవును.

అభ్యాసమునకు ఖరీదైన యంత్రము అవసరములేదు; నాలుగు కోర్ల పాత ల్యాప్‌టాప్, దానిపై లైనక్స్ ఉన్న చాలును. మొదట సీ భాషలో పీథ్రెడ్స్‌తో పై ప్రయోగములు చేయుడు. అటుపిమ్మట ఓపెన్‌ఎంపీతో మాత్రికల గుణకారమును విభజించి, కోర్లు పెంచినకొలది వేగమెంత పెరుగునో కొలువుడు. పనిలో పదవవంతు విభజింప వీలులేనిదైనచో పదునారు కోర్లతో వచ్చు వేగము ఆరున్నర రెట్లకు లోబడియే యుండును. 1967లో ఆమ్డాల్ చూపిన ఈ హద్దును చేతిలెక్కతో సాధించి, మీ కొలతలతో పోల్చుకొనుడు. ప్రతి ప్రోగ్రామును, రేసులను పట్టిచూపు థ్రెడ్‌శానిటైజర్‌తో నడుపుట అలవాటుగా చేసికొనవలెను. జీసీసీ, క్లాంగ్ రెండింటను అది ఉచితముగనే లభించును. పుస్తకములలో ఆర్పాసి-డ్యూసో దంపతులు వ్రాసిన "ఆపరేటింగ్ సిస్టమ్స్: త్రీ ఈజీ పీసెస్" మొదటిమెట్టు, ఇంటర్నెట్‌లో వెల లేకుండ దొరకును. హెర్లిహీ, షావిత్‌ల "ది ఆర్ట్ ఆఫ్ మల్టీప్రాసెసర్ ప్రోగ్రామింగ్" రెండవమెట్టు. గేట్ పరీక్షకు చదువువారికి సింక్రొనైజేషన్, డెడ్‌లాక్ పాఠ్యాంశములే గనుక ఈ శ్రమ అచ్చటను ఫలించును. రస్ట్ భాష డేటా రేసులను కంపైల్ దశలోనే అడ్డగించుననుట వాస్తవమే. కాని డెడ్‌లాకులను అది అడ్డగింపదు; కావున రస్ట్ వచ్చినది గనుక ఇదంతయు అనవసరమని చెప్పువారి మాట నమ్మవద్దు.

ఈ ఉద్యోగములు ప్రకటనలలో "ఉమ్మడి మెమరీ" అను పేరుతో రావు. సిస్టమ్స్ సాఫ్ట్‌వేర్, కెర్నెల్, కంపైలర్, పెర్ఫార్మెన్స్ ఇంజనీర్, హెచ్‌పీసీ అను మాటలతో వెదుకవలెను. రెజ్యూమెలో "మల్టీథ్రెడింగ్ తెలియును" అని వ్రాయుటకు బదులు, ఏ ప్రోగ్రామును ఎన్ని కోర్లపై ఎంత వేగముగా నడిపితిరో, ఏ దోషమును ఎట్లు పట్టుకొంటిరో రెండు పంక్తులలో వ్రాయుడు. ఇంటర్వ్యూ సహజముగా ఆ పంక్తులమీదికే వచ్చును. మొదటి ప్రయోగములోని సంఖ్యను వొలటైల్ అని ప్రకటించిన సరిపోదా యని యెదుటివారు అడుగవచ్చును. సీ భాషలో వొలటైల్ అనునది ఆ మూడు పనులను ఒక్కటిగా చేయజాలదని, అటామిక్ రకమును గాని మ్యూటెక్సును గాని వాడవలెనని చెప్పి, రెంటికిని ఎంతెంత కాలము పట్టినదో మీరు కొలిచిన అంకెలను వారి యెదుట ఉంచుడు.