నేటి పదం: ఆది (ఆదిలోనే హంసపాదు)

🙏 శ్రీ సరస్వత్యై నమః 🙏



కొత్తగా వచ్చినవాళ్ళ నోట ఎక్కువగా వినబడే మాట ఒకటుంది. వేర్‌హౌస్‌లో చేరిన మొదటి వారమే షిఫ్టులు తగ్గించేశారు. డ్రైవింగ్ టెస్టు మొదటిసారి పోయింది. అడ్వాన్సు తీసుకున్న ఓనరు గది ఇంకొకరికి ఇచ్చేశాడు. వెంటనే అనేస్తాం, "ఆదిలోనే హంసపాదు!" అని. అక్కడితో ఆగితే ఫరవాలేదు. "ఈ దేశం నాకు అచ్చిరాదేమో" అని కూడా అనుకుంటాం. ఇంటికి ఫోన్ చేస్తే మాత్రం "అంతా బాగుందమ్మా" అంటాం.

ఆది అంటే మొదలు. ఆదికవి, ఆదిపర్వం, ఆద్యంతం, అనాది అన్నీ దీని చుట్టాలే. (ఆదివారం మాత్రం కాదండోయ్, అది ఆదిత్యుడి వారం.)

హంసపాదు దగ్గరే మనం పొరపడతాం, అదేదో అపశకునం అనుకుంటాం. నిజానికి అది రాతలో పెట్టే ఒక గుర్తు. పూర్వం తాటాకు మీద గంటంతో గీసి రాసేవారు. పైన మసి పూస్తే ఆ గీతలు నల్లగా కనబడేవి. గీసింది చెరపడం కుదరదు. రాసేటప్పుడు మధ్యలో ఒక మాట ఎగిరిపోతే ఆకు పారేసేవారు కాదు. మాట పోయిన చోట పక్షి కాలిముద్రలాంటి చిన్న గుర్తు పెట్టి, విడిచిపోయిన మాటను పక్కన ఖాళీలో రాసేవారు. ఆ గుర్తే హంసపాదు. రాయడం మొదలుపెడుతూనే అది పెట్టాల్సొస్తే ఎవరికైనా చిరాకే, అందుకే సామెత పుట్టింది. హంస పాదం ఎలా ఉంటుందో చూడాలంటే, కొత్తగా పడిన మంచు మీద కెనడా బాతులు నడిచి వెళ్ళిన దారి చూడండి. మూడు వేళ్ళ ముద్ర. చదువులతల్లి వాహనం హంస. తప్పు దిద్దే గుర్తుకి ఆ హంస పాదం పేరే పెట్టుకున్నారు మన పెద్దలు. నాకైతే అందులో భయపడాల్సింది ఏమీ కనబడదు.

మన భారతమే చూడండి. 11వ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడి కోసం నన్నయ మొదలుపెట్టారు. అరణ్యపర్వం సగంలో ఆగిపోయింది. 13వ శతాబ్దంలో తిక్కన ఆ ఖాళీని అలాగే వదిలి విరాటపర్వం నుంచి చివరిదాకా రాశారు. మధ్యలో మిగిలిన ఖాళీని 14వ శతాబ్దంలో ఎర్రన పూరించారు. అది కూడా తన రాజు పేరు మీద కాదు, నన్నయ రాసినట్టే రాజరాజనరేంద్రుడి పేరు మీద! అంత పెద్ద హంసపాదు తెలుగులో ఇంకొకటి ఉందో లేదో.

నేను ఉండేది ఒట్టావాలోని కనాటాలో. 2001 దాకా ఇది వేరే ఊరు, తర్వాత నగరంలో కలిపేశారు. కనాటా అంటే ఇక్కడి ఆదివాసుల భాషలో ఊరు, పల్లె. 1535లో జాక్ కార్టియే అనే ఫ్రెంచి నావికుడికి ఇద్దరు ఆదివాసీ యువకులు తమ ఊరికి దారి చూపిస్తూ ఈ మాట అన్నారు. ఆయన ఆ ప్రాంతమంతటికీ అదే పేరుగా రాసుకున్నాడు. అదే కెనడా అయింది. దేశం పేరుకే ఆదిలో హంసపాదు పడింది, ఇన్నేళ్ళలో దిద్దినవాళ్ళు లేరు!

ఇక నా సంగతి. వచ్చిన మొదటి చలికాలం, మూడో వారంలోనే పని పోయింది. రెండు నెలలు ఇంట్లో చెప్పలేదు. నేను డబ్బు పంపుతాననే ధీమాతో నాన్న చెల్లి పెళ్ళికి హాలు మాట్లాడి అడ్వాన్సు ఇచ్చేశారు. చివరికి చెప్పక తప్పలేదు. నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ముందే చెప్తే ముహూర్తం ఇంకో నెల జరిపేవాళ్ళం కదరా" అన్నారు. పని పోయినందుకు ఒక్క మాట అనలేదు. అడ్వాన్సు డబ్బు మాత్రం తిరిగి రాలేదు. పెళ్ళి నాలుగు నెలలు ఆలస్యంగా జరిగింది.

తాళపత్రం రాసేవాడు మాట పోయిన చోటు దాచుకుని ముందుకెళ్ళిపోతే, చదివేవాడికి అర్థం మారిపోతుంది. రెండు నెలలు నేను చేసింది అదే.

అందుకే మీలో ఎవరికైనా ఇంట్లో చెప్పని మాట ఒకటి ఉంటే, రేపు ఆదివారం ఫోన్ చేయండి. చలికాలంలో ఒట్టావాలో ఉదయం 8 గంటలంటే మన ఊళ్ళో సాయంత్రం 6:30. అమ్మ దీపం పెట్టి కూర్చునే వేళ. ముందు అమ్మకి చెప్పండి, నాన్నకి ఎలా చెప్పాలో అమ్మకి తెలుసు.

రేపటి పదం: శ్రీకారం 🙏