మల్లె ఎన్ని సెంట్లన్నది మే నెల బోరే చెబుతుంది

మల్లెతోటకు నీళ్లు ఆపాల్సిన రోజులివి. ఈశాన్య వానలు వెనకపట్టాక కూడా దొనకొండ, మార్కాపురం, గిద్దలూరు వైపు మల్లె పొదలు పచ్చగానే కనిపిస్తాయి. ఆ పచ్చదనానికి మురిసి తడి ఇస్తూ పోతే పొద ఆకు పెంచుకుంటుందే గాని పూతకు సిద్ధం కాదు. గుండుమల్లె ముదురు కొమ్మకు పూయదు. కొత్త చిగురు కొసనే మొగ్గ తొడుగుతుంది. అందుకే నవంబరు చివర్లో నీళ్లు ఆపి, రెండు మూడు వారాలు తోటను ఎండగట్టి, ఆకు కొంత రాలాక నేల నుంచి అడుగున్నర ఎత్తున కొమ్మలు కత్తిరించాలి. ఎండుపుల్లలు, తెగులు పట్టిన కొమ్మలు మొదలంటా తీసేయాలి. పూసే పొదను ఇంతగా నరకాలంటే ఇంట్లో ఆడవాళ్లకు ప్రాణం ఒప్పదు. కత్తిరించకపోయినా పూస్తుంది, నిజమే; చెదురుమదురుగా పూస్తుంది. కత్తిరిస్తే మార్చి నుంచి పూత ఒక ఊపున వస్తుంది. కత్తిరింపయ్యాక పాదు తవ్వి, పొదకు 10 కిలోల పశువుల ఎరువు, 65 గ్రాముల యూరియా, 375 గ్రాముల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, 100 గ్రాముల పొటాష్ వేసి అప్పుడు తడి ఇవ్వండి. ఇదే మోతాదు మళ్లీ జూన్, జూలైలో.

నీటికి కటకటలాడే ఈ ప్రాంతానికి మల్లె తగునా అన్నది అసలు ప్రశ్న. తగుతుందనే నా మాట, అయితే ఎకరాల్లో కాదు, సెంట్లలో. కత్తిరింపు ముందు పొద దాహం కోరుకుంటుంది, ఆ రోజుల నీరు శనగకో మిర్చికో మిగులుతుంది. పూత మీదున్న ఎండాకాలంలో మాత్రం ఒక్క వారం తడి తప్పినా మొగ్గ సన్నబడిపోతుంది. కార్తీకంలో బోరు ధార చూసి తోట వేసేవాళ్లు ఇక్కడే దెబ్బతింటున్నారు. కొలవాల్సింది మే నెలలో. నాలుగడుగుల దూరంలో నాటితే సెంటుకు సుమారు పాతిక పొదలు, 20 సెంట్లకు 500. ముదిరిన పొదకు నడివేసవిలో డ్రిప్పు మీద రోజుకు 10 లీటర్లు లెక్కేసుకుంటే తోటకు 5,000 లీటర్లు కావాలి. బోరు దగ్గర 200 లీటర్ల పీపా పెట్టి చూడండి. అయిదు నిమిషాల్లో నిండితే గంటకు 2,400 లీటర్లు, అంటే రెండు గంటల పైచిలుకు పని. పావుగంట పడితే ఆరు గంటలు దాటుతుంది, ఆగి ఆగి పోసే బోరుకు అది మోయలేని బరువు. అలాంటిచోట 5 సెంట్లతో సరిపెట్టుకోవాలి. వెలిగొండ ప్రాజెక్టు నీళ్లొస్తే పెంచుకోవచ్చు గదా అంటారు. రానివ్వండి, పెంచుదాం; రాని నీటికి అంట్లు నాటవద్దు.

ధర నిలకడగా ఉండదన్నది ఇంకో అభ్యంతరం. అందులో తప్పు లేదు. ముహూర్తాలున్న వారం ఎగసిన ధర మూఢం రాగానే కూలబడుతుంది, మల్లెను నిల్వ చేసి అమ్మే దారీ లేదు. అయితే ఆ దెబ్బ ఎక్కువగా కూలీ మీద కోయించేవాళ్లకే తగులుతుంది. ధర పడిన రోజు కోత కూలి కూడా గిట్టదు. ఇంటిల్లిపాది తెల్లవారకముందే కోసుకోగలిగినంత తోట ఉంటే ఆ రోజు నష్టం తేలికగా పోతుంది. తోట చిన్నదిగా ఉండాలనడానికి ఇది రెండో కారణం. విచ్చని మొగ్గ సాయంత్రానికి గాని విచ్చదు కాబట్టి మార్కాపురం చేర్చడానికి వ్యవధి ఉంటుంది. అక్కడ ధర లేనినాడు గుంటూరు రైలు మార్గంలో వినుకొండ, నరసరావుపేట కూడా దొనకొండకు అందుబాటులోనివే.

సుద్ద నేలల్లో లేతాకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మిగతాది పసుపెక్కితే అది ఇనుము లోపం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం తేడాతో రెండుసార్లు పిచికారీ చేయండి. యూరియా దట్టిస్తే తగ్గదు. నీరు నిలిచే నల్లరేగడిలో మల్లె వేయకండి. కొత్తగా వేయాలనుకునేవారు ఎండల్లోనే అడుగున్నర గుంతలు తవ్వి ఆరబెట్టి, తొలకరికి వేరు పట్టిన అంట్లు నాటుకోవాలి. అంతకుముందే సీసాడు బోరు నీళ్లు, గుప్పెడు మట్టి దర్శి కృషి విజ్ఞాన కేంద్రానికి తీసుకెళ్లి ఉప్పు శాతం ఎంతో అడగండి.