చెప్పులు చూసుకునే మనిషి కావాలి

మాఘ పౌర్ణమికి పెనుగంచిప్రోలులో పెద్ద తిరునాళ్ళు. ఖమ్మం వైపు నుంచి, గుంటూరు వైపు నుంచి, చుట్టుపక్కల మెట్ట ఊళ్ళ నుంచి జనం ట్రాక్టర్లూ ఆటోలూ కట్టించుకుని దిగుతారు. మునేటిలో స్నానాలు, తడిబట్టలతో తిరుపతమ్మ తల్లి దర్శనం, పొంగళ్ళు, రాత్రికి పెద్ద సందడి. అంత జనం వచ్చినప్పుడు చేతులు ఎన్ని ఉన్నా చాలవు. గుడి ముందు మజ్జిగ పోయడానికి, ప్రసాదం పంచడానికి పదిమంది ఎగబడతారు. తప్పిపోయిన పిల్లాడిని మైకు దగ్గరికి తీసుకెళ్ళి, వాళ్ళమ్మ వచ్చేదాకా ఏడుపు మాన్పిస్తూ కూర్చునే మనిషి మాత్రం వెతికితేగాని దొరకడు. రేవులో నిలబడి "అటు లోతుందమ్మా, ఇటు రండి" అని గొంతు పోయేదాకా అరిచేవాళ్ళు అంతకన్నా తక్కువ. ఇక అర్ధరాత్రి చెప్పుల స్టాండు దగ్గర కూర్చోమంటే అందరికీ ఏదో ఒక పని గుర్తొస్తుంది.

వ్యక్తిత్వ వికాసం పేరుతో వేలకు వేలు పోసి క్లాసులకెళ్ళే కుర్రాళ్ళను చూసినప్పుడల్లా, వీళ్ళను ఒక్క రాత్రి ఆ చెప్పుల దగ్గర కూర్చోబెడితే బాగుండుననిపిస్తుంది నాకు. టోకెను పోగొట్టుకుని మీదపడి అరిచేవాడికి ఎలా నచ్చజెప్పాలో అక్కడ తెలుస్తుంది. ముసలమ్మ తన జత ఎలా ఉంటుందో చెప్పలేక తికమకపడుతుంటే ఎంత ఓపిక కావాలో తెలుస్తుంది. అన్నిటికన్నా ముఖ్యమైంది ఇంకొకటి ఉంది. ఉద్యోగంలో మనల్ని జీతం కట్టేస్తుంది, ఇంట్లో బంధం కట్టేస్తుంది. ఇక్కడ ఒప్పుకున్న మాట తప్ప కట్టేసేది ఏదీ లేదు. మధ్యలో లేచిపోతే అడిగే నాథుడు ఉండడు. అయినా లేవకుండా తెల్లారేదాకా కూర్చోగలిగినవాడు రేపు ఏ పని ఒప్పుకున్నా సగంలో వదలడు. (2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనంతో పెట్టిన వాలంటీర్ల సంగతి వేరు. నేను చెప్పేది పైసా రాని పని గురించి.)

ఈ ప్రాంతం నుంచి తిరుమలకు వెళ్ళి శ్రీవారి సేవ చేసొచ్చినవాళ్ళు చాలామందే ఉంటారు. 2000లో మొదలైన ఆ సేవలో ఆఫీసరుగా రిటైరైనాయన, పొలం పనికెళ్ళే ఆవిడ పక్కపక్కన కూర్చుని అన్నప్రసాదానికి కూరగాయలు తరుగుతారు. ఏ పని అప్పగిస్తే అదే చేయాలి. ముప్పై ఏళ్ళు ఇంకొకరికి పని చెప్పిన మనిషికి, చెప్పిన పని చేయడం మళ్ళీ నేర్చుకోవాల్సి రావడం చిన్న విషయం కాదు.

తిరునాళ్ళు ముందే తెలిసిన తేదీకి వస్తాయి. మునేరు అలా రాదు. తెలంగాణలో పుట్టి, ఖమ్మం ఊరిని ఒరుసుకుని, పెనుగంచిప్రోలు మీదుగా కృష్ణలో కలిసే ఏరు ఇది. 2023 జూలైలో నందిగామ దగ్గర ఐతవరంలో జాతీయ రహదారి మీదికే ఎక్కి, హైదరాబాద్-విజయవాడ రాకపోకలను ఆపేసింది. 2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుపోయారు. గంటలు గడిచినా సాయం అందలేదు. చివరికి ఒక జేసీబీ డ్రైవరు తన బండితోనే వరదలోకి వెళ్ళి వాళ్ళను ఒడ్డుకు చేర్చాడు. అతని ధైర్యాన్ని అందరూ మెచ్చుకున్నారు, మెచ్చుకోవాల్సిందే. నాకు అందులో కనిపించిన ఇంకో సంగతి, అతను కొత్త విద్య ఏదీ ప్రయత్నించలేదు. రోజూ కూలికి నడిపే బండినే నడిపాడు. ఊరికి ఏం చేయగలమని ఆలోచించేటప్పుడు మనం ఎక్కడెక్కడో వెతుకుతాం. కరెంటు పని తెలిసినవాడు, ఈత వచ్చినవాడు, ఏ వీధిలో ఒంటరి ముసలివాళ్ళున్నారో తెలిసిన ఆశా కార్యకర్త, ఖమ్మంలో నీళ్ళు పెరిగాయని తెలియగానే నాలుగు ఫోన్లు చేయగలిగినవాడు: ఏటి ఒడ్డు ఊరికి వీళ్ళే కావాలి.

ఖమ్మం వరద వచ్చిన వారంలోనే బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు ఆహార పొట్లాలతో బళ్ళు బారులు తీరాయి. రోడ్డు మొదట్లో ఉన్నవాళ్ళకు దొరికినంత సులువుగా లోపలి వీధులకు అవి చేరలేదు. నీళ్ళు తీశాక ఇళ్ళలో బురద మిగిలింది. బురద ఎత్తుతూ ఫొటో దిగాలని ఎవరికీ ఉండదు.

ఫొటో ప్రస్తావన ఎందుకంటే, సేవ ఎందుకు చేస్తున్నామన్నదీ లెక్కలోకి వస్తుంది. స్వచ్ఛంద సేవ చేసేవాళ్ళు ఎక్కువకాలం బతుకుతారా అని మిషిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చూశారు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రపు వృద్ధుల మీద చేసిన ఆ అధ్యయనం 2012లో వెలువడింది. ఎదుటివాళ్ళ కోసం సేవ చేసినవాళ్ళలో మరణాలు తక్కువగా కనిపించాయి. తమకేదో ఒరుగుతుందని చేసినవాళ్ళకూ, అసలు సేవ చేయనివాళ్ళకూ మాత్రం పెద్ద తేడా లేదు. అంటే ఈ వ్యాసం చదివి "ఆయుష్షు పెరుగుతుందట" అని బయల్దేరేవాళ్ళకు లాభం లేదన్నమాట! 2013లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వాళ్ళు, యాభై దాటినవాళ్ళలో ఏడాదికి 200 గంటలైనా సేవ చేసేవారికి అధిక రక్తపోటు వచ్చే అవకాశం తక్కువని తేల్చారు. వారానికి లెక్కేస్తే నాలుగు గంటలు కూడా లేదు. 1969లో మొదలైన జాతీయ సేవా పథకం (ఎన్.ఎస్.ఎస్.) మన కాలేజీ పిల్లలకు పెట్టిన లెక్క కూడా ఏడాదికి 120 గంటలే. సర్టిఫికెట్ చేతికొచ్చాక ఎంతమంది కొనసాగిస్తున్నారో పిల్లలే చెప్పాలి.

కాబట్టి వచ్చే మాఘ పౌర్ణమి దాకా ఆగనక్కర్లేదు గానీ, ఆగినా తప్పులేదు. ముందుగానే వెళ్ళి పేరివ్వండి. ఏ రోజు, ఏ వేళ నుంచి ఏ వేళ దాకా ఉండగలరో ఖచ్చితంగా చెప్పండి, ఉండలేనిది ఒప్పుకోకండి. ఏ పని కావాలని అడిగితే, ఎవరూ తీసుకోనిది ఇమ్మనండి.