మోటారుబండి ముందుచక్రముల పొందిక

మోటారుబండి ముందుచక్రములు రెండును ఒకదానికొకటి సరిగా సమాంతరముగా నుండునని పెక్కుమంది తలంతురు. రేఖాగణితము చదువుకొన్న మేమును మొన్నటి వేసవివరకు అట్లే తలంచియుంటిమి.

మా యింటి పాతబండికి ముందువైపున క్రొత్త టైర్లు వేయించి నాలుగు నెలలైనను కాలేదు. ఒకనాడు గాలి పట్టించుటకు పోగా, అచ్చటి పనివాడు చక్రమును చేతితో తడవి, "అయ్యగారూ, ఈ అంచు చూశారా?" అని యడిగెను. వెలుపలి యంచున రబ్బరంతయు అరిగిపోయి లోపలి దారములు కానవచ్చుచుండెను. లోపలి యంచున చాళ్లు మాత్రము క్రొత్తవానివలె నుండెను. ఆ ముందురోజే పిల్లలను కూర్చుండబెట్టుకొని ఆ బండిమీద 200 కిలోమీటర్లు పోయి వచ్చితిమి. ప్రతిదినమును బండి తుడుచు మాకు అది కంటబడలేదని చెప్పుకొనుటకు సిగ్గగుచున్నది.

ముందుచక్రముల నిలుకడకు మూడు కొలతలు కలవు. ముందునుండి చూచినపుడు చక్రము నిలువునుండి ప్రక్కకు ఒరిగిన కోణము క్యాంబరు. ప్రక్కనుండి చూచినపుడు, చక్రము ఏ రేఖచుట్టును మలుపు తిరుగునో ఆ రేఖ ముందువెనుకలకు వాలిన కోణము క్యాస్టరు. సైకిలు ముందుకడ్డీ వాలియుండుట చూచిన నిది తెలియును. ఈ రెండును యంత్రములుగల పనిశాలకు విడువదగినవి. మూడవది టో. ఇంగ్లీషున టో యనగా కాలివ్రేలు. వ్రేళ్లు దగ్గరగాను మడమలు ఎడముగాను పెట్టి నిలుచున్న మనుష్యునివలె చక్రముల మొగములు లోనికి తిరిగియున్న అది టో-ఇన్. వెలికి తిరిగియున్న టో-అవుట్. మన టైర్లను తినివేసినది ఈ మూడవదియే.

ఏల సమాంతరముగా నుంచరు? వెనుకచక్రములు త్రోయు బండ్లలో, నేలయొరపిడివలన ముందుచక్రములు వెలికి తెరచుకొన జూచును. కీళ్లలో కొంచెము వదులుండును గదా. నిలిచియున్నపుడు ఒకింత లోనికి త్రిప్పియుంచిన, పరుగులో సమాంతరమగును. ముందుచక్రములే లాగు బండ్లలో ఆ లాగుబలము వానిని లోనికి త్రిప్ప జూచును గనుక, టో దాదాపు సున్నగానో, కొన్నిటిలో కొంచెము వెలికిగానో ఉంచుదురు. మలుపులోనైతే సమాంతరమన్న మాటయే లేదు. లోపలి చక్రము చిన్నవృత్తమున, వెలుపలిది పెద్దవృత్తమున పోవలెను గనుక లోపలిది ఎక్కువగా తిరుగవలెను. ఈ యమరికను 1817లో మ్యూనిక్ నగరమున గుర్రపుబండ్లు చేయు లాంకెన్‌స్పెర్గర్ కనిపెట్టగా, 1818లో లండనులో ఆకెర్మాన్ దానికి పేటెంటు పొందెను. నేటికిని దానికి ఆకెర్మాన్ పేరే చెల్లుచున్నది. కనిపెట్టినవాని నెరిగినవారు కొద్దిమంది. మన రెండెడ్ల బండికి ఈ చిక్కు లేదు. ఎద్దులు తిరిగిన ఇరుసంతయు తిరుగును.

ఇక కొలత. దీనికి కావలసినవి సుద్దముక్క, మేకు, టేపు, తాపీవారు గోడనిలువు చూచుకొను గుండుదారము. మా పెరటిలో వడియములు ఎండబెట్టు గచ్చు సమముగా నున్నందున అచ్చటనే పని జరిగినది. మొదట టైర్లలో గాలి సరిచూచితిమి. తరువాత వెనుకచక్రములకు రాళ్లు అడ్డుపెట్టి, ముందుచక్రమును జాకీతో ఎత్తి, రెండు చేతులతో పట్టి కదపి చూచితిమి. కీలు గాని బేరింగు గాని లొడలొడలాడిన, ముందు దానిని మార్పించవలెను. అంతవరకు కొలత వట్టిమాటయే. చక్రమును త్రిప్పుచు టైరు నడుమ సుద్ద పూసి, కదలకుండ చెక్కకు ఆనించి పట్టిన మేకుకొనతో దానిమీద చుట్టును సన్నని గీత గీచితిమి. రెండవ చక్రమునకును అట్లే చేసి, బండిని దింపి, కొన్ని గజములు ముందునకు త్రోసి, చేతిచక్రము తిన్నగా నుండగా నిలిపితిమి.

అప్పుడు టైరు వెనుకవైపున, ఇరుసు ఎత్తున, గీతమీద చుక్క పెట్టి, అచ్చటనుండి గుండు వ్రేలాడదీసి గచ్చుమీద గురుతు పెట్టవలెను. రెండు చక్రములకును అట్లు చేసి, బండిని సగముచుట్టు ముందునకు త్రోసిన, ఆ చుక్కలే ముందువైపునకు వచ్చును. మరల గుండు, మరల గురుతులు. బండిని వెనుకకు త్రోయరాదు. కీళ్ల వదులు తలక్రిందై కొలత చెడును. ఒకే చుక్కలను రెండుచోట్ల కొలుచుటవలన చక్రము కొంచెము వంకరయైనను తప్పు రాదు. బండి తొలగించి గచ్చుమీద కొలిచితిమి. వెనుక గురుతుల నడుమ 1316 మిల్లీమీటర్లు, ముందు గురుతుల నడుమ 1304. భేదము 12. మా బండితో వచ్చిన పుస్తకములో నుండవలసినది 2.

పండ్రెండు మిల్లీమీటర్లు ఒక లెక్కయా యని తోచవచ్చును. లెక్కయే వేసి చూతము. ఒక్కొక్క చక్రమునకు వచ్చినది 6. టైరు అడ్డుకొలత సుమారు 600. అనగా చక్రము నూటికి ఒకపాలు ప్రక్కకు చూచుచున్నది. కిలోమీటరు నడచిన 10 మీటర్లు నేలమీద ప్రక్కకు ఈడ్వబడుచున్నది. హైదరాబాదునుండి విజయవాడకు సుమారు 270 కిలోమీటర్లు. ఆ ప్రయాణములో ప్రతి ముందుచక్రమును 2,700 మీటర్లు ఈడ్చినట్లు. దారములు బయటపడుటలో వింత యేమి?

చక్రమునకును స్టీరింగు యంత్రమునకును నడుమ ఇరుప్రక్కల ఒక్కొక్క టైరాడ్డు కలదు. దాని లాక్‌నట్టు వదులుచేసి మర త్రిప్పిన కడ్డీ పొడుగో పొట్టియో యగును. టో-ఇన్ తగ్గవలెనన్న కడ్డీలను పొడుగుచేయవలెనని ఒక పుస్తకమున చదివి, రెంటిని అరచుట్టు చొప్పున పొడుగుచేసితిమి. మరల కొలువగా 19 వచ్చినది! కొలతయే తప్పని తలంచి మరల కొలిచితిమి, 19 మిల్లీమీటర్లే. బండిక్రింద వంగి చూచిన పిమ్మట తెలిసినది. ఆ పుస్తకపు నియమము కడ్డీలు ఇరుసునకు ముందున్న బండ్లది. మా బండికి అవి ఇరుసువెనుక నున్నవి. వెనుకనుండి వెలికి నెట్టిన చక్రము మొగము లోనికే తిరుగును గదా.

అయినను ఆ తప్పు ఊరక పోలేదు. అరచుట్టునకు 7 మారునని తెలిసినది. మిగిలినది త్రైరాశికము. 19నుండి 2కు 17 తగ్గవలెను. చుట్టునకు 14 గనుక ఒకటింబావు చుట్టు పొట్టిచేసిన చాలును. చేసితిమి. ఈసారి 2కు కొంచెము తక్కువగా వచ్చినది.

రెండు ప్రక్కలను సమానముగా త్రిప్పవలెను. ఒకప్రక్కనే త్రిప్పిన టో కుదురును గాని చేతిచక్రము వంకరగా నిలుచును. మాకు ఎడమప్రక్క కొంచెము తక్కువ తిరిగినది కాబోలు, వీధిలో మెల్లగా నడిపి చూడగా చేతిచక్రము ఒరిగియుండెను, వచ్చి సరిచేసితిమి. మరలు కడ్డీలో తగినంత లోతుగా పట్టియున్నవో లేదో చూచి, లాక్‌నట్టులను పానాతో గట్టిగా బిగించినగాని బండి తీయరాదు. బిగింపు విడినచో చక్రము మన చేతిలో నుండదు. జాకీ యొక్కదానినే నమ్మి బండిక్రింద దూరరాదు. మేము బరువునకు నిలుచు ఇనుపపీటలు పెట్టితిమి, పిల్లలను దగ్గరకు రానీయలేదు. మరునాడు పనిశాలలో మూడు కొలతలను యంత్రముమీద చూపించుకొంటిమి.

అరిగిన టైర్లు రెండును పారవేయక తప్పలేదు. క్రొత్తవానిని నెలకొకసారి అరచేతితో అడ్డముగా తడవి చూచుచున్నాము. వెలుపలినుండి లోనికి నునుపుగాను, లోపలినుండి వెలికి గరుకుగాను తగిలిన టో-ఇన్ మిక్కుటమన్నమాట. ఇంతవరకు రెండువైపులను ఒకతీరుగనే యున్నది. గచ్చుమీది నాలుగు చుక్కలను మా తల్లిగారు పండుగనాడు ముగ్గులో కలిపివేసిరి.