రంగు పోతే నీరు శుభ్రమైనట్టేనా?

తమిళనాడులోని తిరుప్పూరు బనియన్లకు ప్రసిద్ధి. అక్కడి అద్దకపు కర్మాగారాల రంగునీరు ఏళ్ల తరబడి నొయ్యల్ నదిలో కలిసింది. మురుగునీరు బయటికి వదలని ఏర్పాటు చేసుకునేదాకా వాటిని మూసివేయాలని 2011లో మద్రాసు హైకోర్టు ఆదేశించింది. రంగునీటిలోకి ఎండ దిగదు. నీటి మొక్కల్లో కిరణజన్య సంయోగక్రియ మందగించి, ఆక్సిజన్ తగ్గి, చేపలకు ఊపిరాడదు.

ఈ రంగులను తొలగించడానికి శాస్త్రవేత్తలు నానో రేణువులను పరీక్షిస్తున్నారు. మీటరులో వంద కోట్లవ వంతు ఒక నానోమీటరు. వేపాకులను నీటిలో మరిగించి, వడకట్టి, ఆ కషాయాన్ని సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో కలుపుతారు. ద్రావణం గోధుమ రంగుకు తిరిగితే వెండి నానో రేణువులు ఏర్పడినట్టు. ఆకులోని ఫ్లేవనాయిడ్ల వంటి పదార్థాలు వెండి అయాన్లకు ఎలక్ట్రాన్లు ఇచ్చి లోహంగా మారుస్తాయి. రేణువులు ముద్దకట్టకుండా వాటి చుట్టూ పొరలా నిలుస్తాయి. ఇదే హరిత సంశ్లేషణ.

మిథిలీన్ బ్లూ కలిపిన నీటిలో సోడియం బోరోహైడ్రైడ్‌తో పాటు ఈ రేణువులను వేస్తే నీలం త్వరగా మాయమవుతుంది. బోరోహైడ్రైడ్ ఇచ్చే ఎలక్ట్రాన్లను రంగు అణువులకు చేరవేసే ఉత్ప్రేరకాలు ఈ రేణువులే.

కానీ తొందరపడకండి! ఇలా రంగు కోల్పోయిన మిథిలీన్ బ్లూ గాలిలోని ఆక్సిజన్ తగిలితే మళ్లీ నీలమవుతుంది. అంటే అణువు ముక్కలు కాలేదు, రూపం మార్చుకుందంతే. ఆకు కషాయంతోనే తయారుచేయగల జింక్ ఆక్సైడ్ రేణువులు అతినీలలోహిత కాంతిలో హైడ్రాక్సిల్ రాడికల్స్‌ను పుట్టిస్తాయి. అవి రంగు అణువునే ఛేదిస్తాయి. పని అయ్యాక రేణువులనూ నీటి నుంచి తీసేయాలి. వెండి అయాన్లు జలచరాలకు హానికరం.

అందుకే నీటి శుభ్రతను కంటితో కాదు, పరీక్షతో తేల్చాలి.